బిళ్ళ లోపలికి పోయినాక ఏం చేస్తాది

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడతా ఉందా? సరే. నేను డాక్టర్ని కాదు, కావలిలో ఇరవై ఏళ్ళుగా మందుల షాపు కౌంటర్లో నిలబడే మనిషిని, ఆడ చూసిందే చెప్తా.

చీటీ లేకుండా వచ్చి "అన్నా, జొరానికి పవర్ ఎక్కువుండే యాంటీబయాటిక్ ఇయ్యి" అంటారు. పవర్ కాదబ్బయ్యా, అది దేని మీదకి పోతాదనేది చూడాల. బ్యాక్టీరియా చుట్టూ ఒక గోడ ఉంటాది, మన కణాలకి ఆ గోడ లేదు. అమాక్సిసిలిన్ ఆ గోడని కట్టుకోనీదు, గోడకి బలం లేక క్రిమి నీళ్ళు పీల్చుకోని ఉబ్బి పగిలిపోతాది. డాక్సీసైక్లిన్‌ది వేరే దారి, క్రిమి లోపల ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌కి అడ్డం పడతాది, మనకీ రైబోజోములు ఉండాయి గానీ వాటి తీరు వేరు. వైరస్‌కి ఆ గోడా లేదు రైబోజోమూ లేదు, ఇంక వైరస్‌తో వచ్చే జలుబుకి ఈ బిళ్ళ ఏం చేస్తాది?

మందుకి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని తెలీదు. పేగుల్లో మనకి పనికొచ్చేవి కూడా పోతాయి, విరేచనాలు అందుకే. ఆడోళ్ళకి ఫంగస్ దురద కూడా వస్తాది, సిగ్గుపడి చెప్పరు.

డాక్సీ సంగతి వినండి. రొయ్యల చెరువు కాపలా ఆయన ఒకాయన రాత్రి బిళ్ళ నోట్లో వేసుకోని, గుక్కెడు నీళ్ళు తాగీ తాగకుండా మంచం మీద వాలినాడు. తెల్లారేసరికి గుండెల్లో మంట, ఎంగిలి మింగాలన్నా నొప్పి, గుండెపోటనుకోని ఇంట్లో ఒకటే ఏడుపులు. చూస్తే బిళ్ళ ఆహారనాళంలో ఇరుక్కోని పుండు చేసింది. బిళ్ళ ఇచ్చింది నేనే, నీళ్ళ సంగతి చెప్పలా, తప్పు నాదే. నిండు గ్లాసు నీళ్ళు తాగాల, అరగంట పడుకోగూడదు. పాలతోనూ గ్యాస్ బిళ్ళతోనూ కలిపి వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు. ఎండలో తిరిగితే తోలు కమిలిపోతాది, చెరువు గట్టున ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అన్నట్టు ఈ డాక్సీ వంశంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపించిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలోనే.

క్లోరాంఫెనికాల్ అనే ఇంకో యాంటీబయాటిక్ పేరు రొయ్యల రైతులకి నేను చెప్పే పనిలే. అరుదుగానే, కానీ ఎముకల్లో మూలుగ దెబ్బతిని రక్తం తయారవడం ఆగిపోతాది, రొయ్యల్లో ఇంతవరకు మిగిలితే పర్లేదని గీత గీయలేకనే చెరువుల్లో నిషేధించారు.

పెన్సిలిన్ రకం మందు, అమాక్సిసిలిన్ కూడా ఆ రకమే, వేసుకున్నాక మొహం ఉబ్బినా, ఊపిరాడకపోయినా షాపుకి రావొద్దు, 108కి ఫోన్ చేయండి. తర్వాత ఆ మందు పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ముందు వరసలో అమ్మ చెయ్యెత్తింది, అడగమ్మా.