పందికొక్కు వస్తేనే పొత్తు

తమ్ముడు: ఎర్ర లైటు వెలిగింది, అంటే రికార్డవుతోంది. అందరికీ నమస్కారం. ఈ వారం కూడా ఎంవీపీ కాలనీలో మా డాబా మీద గదిలోంచే. నేను బొమ్మల కథలు గీస్తాను. మా అక్క గోదాముల్లో సరుకు మోసే రోబోలకి ప్రోగ్రాములు రాస్తుంది. మధ్యలో ఈల వినబడితే అది కింద అమ్మ కుక్కరు, ఏలియన్లు కాదు.

అక్క: ఏలియన్లు నీ కథలో ఉన్నారుగా, చాలు. ముందు అది చెప్పు వాళ్ళకి.

తమ్ముడు: కథ మన విశాఖలోనే. మనుషులు ఊరొదిలేసి చాలా ఏళ్ళయింది. ఆ ముక్క తాతమ్మ దగ్గర తీసుకున్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులేస్తే జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయారని చెప్పేది కదా. నా కథలో పోయినవాళ్ళు తిరిగి రాలేదు, అంతే తేడా. మిగిలినవి రోబోలు. రేవులో క్రేన్ల గుంపు ఒకటి, గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ గుంపు ఒకటి, సముద్రం అడుగున తిరిగే డ్రోన్ల గుంపు ఒకటి. మూడింటికీ పడదు. బొగ్గు దగ్గర గొడవ, కరెంటు దగ్గర గొడవ. ఒకరోజు రుషికొండకీ డాల్ఫిన్ నోస్‌కీ మధ్య సముద్రం మీద ఆకాశంలోంచి ఓ ఓడ దిగుతుంది. అప్పుడు మూడు గుంపులూ చేతులు కలుపుతాయి.

అక్క: అదిగో, అక్కడే నాకు నవ్వొచ్చింది. పన్నెండో పేజీలో క్రేను ఉక్కు రోబో చెయ్యి విరిచేసింది. పద్నాలుగో పేజీలో ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ కేకలేస్తున్నారు. పదమూడో పేజీలో ఏం జరిగిందిరా?

తమ్ముడు: ఏలియన్లు దిగారు. పేజీ నిండా ఒకటే బొమ్మ. మూడు రాత్రులు గీశానే!

అక్క: బొమ్మకేం, బాగుంది. శత్రువు కనబడగానే పొత్తు కుదిరిపోతుందని నీకెవరు చెప్పారు?

తమ్ముడు: భారతం చెప్పింది. ఘోషయాత్ర తెలుసుగా? ఆలమందలు లెక్క చూసుకునే వంకతో దుర్యోధనుడు ద్వైతవనానికి వెళ్తాడు. అడవిలో ఉన్న పాండవుల ముందు దర్జా చూపించుకోవాలని. అక్కడ చిత్రసేనుడనే గంధర్వుడు వాణ్ణి కట్టి పడేస్తాడు. అప్పుడు ధర్మరాజు, మనలో మనకి గొడవొస్తే వాళ్ళు నూరుగురు, మనం అయిదుగురం, బయటివాడొస్తే మాత్రం నూట అయిదుగురం అని చెప్పి తమ్ముళ్ళని పంపి విడిపిస్తాడు. నా కథకి మూలం అదే.

అక్క: అదే కథలో భీముడేమన్నాడు?

తమ్ముడు: ...

అక్క: మనం చచ్చీచెడీ చెయ్యాల్సిన పని గంధర్వులు చేసిపెట్టారు, పోనీ అన్నాడు. సంతోషించాడు. ముందు ఆ మాట వచ్చింది, తర్వాతే నూట అయిదు. ఇంకోటి, ఆ చిత్రసేనుడు ఎవరు? అర్జునుడికి ఇంద్రలోకంలో ఆటా పాటా నేర్పిన స్నేహితుడు. అంటే దిగిన ఏలియన్‌కి ఒక గుంపులో దోస్తు ఉన్నాడన్నమాట. నేను దుర్యోధనుణ్ణయితే కట్లు విప్పుతుంటే కూడా అనుమానపడతాను, ఇదంతా వీళ్ళే ఆడించారేమోనని.

తమ్ముడు: అబ్బ. అది పదమూడో పేజీలో పెట్టచ్చు. రాసుకుంటున్నాను.

అక్క: రాసుకో. ఇప్పుడు నా పని దగ్గరికి వద్దాం. మేం ఒక గోదాములో రెండు కంపెనీల రోబోల్ని ఒకేసారి దింపాం. పేర్లొద్దు. మొదటి రోజే ఒక సందులో ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. ఇది అది తప్పుకుంటుందని చూస్తుంది, అది ఇది తప్పుకుంటుందని చూస్తుంది. మేం టీ తాగి వచ్చేసరికి వెనకాల ఇంకో ఆరు వచ్చి నిలబడ్డాయి. అచ్చం పూర్ణా మార్కెట్ సందులో రెండు ఆటోలు.

తమ్ముడు: ఆటోవాళ్ళయితే కనీసం తిట్టుకుంటారు.

అక్క: అదే కదా చెప్తున్నాను! తిట్టుకోవడానికైనా ఒక భాష ఉండాలి. వాటి మధ్య అదీ లేదు. ఈ తలనొప్పి పడలేకే జర్మనీలో కార్ల పరిశ్రమవాళ్ళ సంఘం 2019లో వీడీఏ 5050 అని ఒక ప్రమాణం తెచ్చింది. ఎవరు తయారుచేసిన బండైనా సరే, నేనెక్కడున్నాను, బ్యాటరీ ఎంతుంది, నాకిచ్చిన పని ఎంతవరకు వచ్చింది అని ఒకే తీరులో చెప్పాలి. నీ క్రేనూ ఉక్కు రోబో పుట్టుకతోనే ఒకే భాష మాట్లాడేస్తున్నాయి, అదెలా?

తమ్ముడు: సరే, భాష పెడతాను. అయిపోయింది.

అక్క: అవలేదు. ఆ పద్ధతిలో బండ్లన్నిటికీ పైన ఆజ్ఞలిచ్చే కంట్రోలరు ఒకటి కూర్చుంటుంది. మరి నీ మూడు గుంపుల్లో ఆ కుర్చీ ఎవరిది?

తమ్ముడు: ...రేవుది. క్రేన్లు ఎత్తుగా ఉంటాయి, అన్నీ కనబడతాయి.

అక్క: ఉక్కువాళ్ళు ఒప్పుకుంటారా? పైగా వాళ్ళు ఫ్యాక్టరీ వదిలి రాలేరురా. కోక్ ఓవెన్లు, అంటే బొగ్గుని కాల్చి కోక్ చేసే పొయ్యిలు, ఒకసారి వేడెక్కించాక ఏళ్ళ తరబడి ఆర్పరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగిలిపోతాయి. సగం మంది పొయ్యి దగ్గరే ఉండాలి. యుద్ధానికి సగం మందినే పంపావని రేవువాళ్ళు దెప్పుతారు. పొయ్యి ఆరితే మీకు ఇనుము ఎక్కణ్ణించి వస్తుందని వీళ్ళంటారు.

తమ్ముడు: ఇది మన పెళ్ళిళ్ళలో వంట దగ్గర గొడవలా ఉంది.

అక్క: (నవ్వు) ఇక నీటి డ్రోన్ల సంగతి. రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలో కాస్త దూరం కూడా పోవు. అందుకే నీళ్ళలో మాట్లాడాలంటే శబ్దమే దిక్కు. సముద్రంలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. గాలిలో కంటే నాలుగింతలు ఎక్కువే, కానీ రేడియో ముందు నత్త. 15 కిలోమీటర్ల అవతలున్న డ్రోను 'వచ్చారు' అంటే అది ఒడ్డుకి చేరేసరికి పది సెకన్లు. జవాబు వెళ్ళడానికి ఇంకో పది. ఆ ఇరవై సెకన్లలో రేవువాళ్ళు ఏమనుకుంటారు?

తమ్ముడు: నీటివాళ్ళు కావాలని నోరు మూసుకున్నారని.

అక్క: ఆఁ. ద్రోహి అని పేరు పడిపోయినట్టే. ఇప్పుడు అసలు ముడి వేస్తాను, జాగ్రత్తగా విను. మూడు గుంపుల్లో ఒకటి ఏలియన్లకి అమ్ముడుపోయిందనుకో, ఏదో తెలీదు. నువ్వు ఉక్కు. రేవు దగ్గర్నించి నీకు 'తెల్లారి నాలుగింటికి దాడి' అని కబురొచ్చింది. సరిచూసుకుందామని నీటివాళ్ళని అడిగావు. వాళ్ళు 'మాకు ఆగమని చెప్పారే' అన్నారు. దొంగ ఎవరు?

తమ్ముడు: నీళ్ళు. కాదు కాదు, రేవు ఇద్దరికీ రెండు మాటలు చెప్పి ఉండచ్చు.

అక్క: ఏదైనా కావచ్చు. రెండిట్లో ఏది నిజమైనా నీ చేతికొచ్చిన కబుర్లు మాత్రం అవే రెండు. ఎన్ని సార్లు మళ్ళీ అడిగినా అంతే. బుర్ర చాలక కాదు, లెక్కే తేలదు. 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ అని ముగ్గురు దీనిమీద పేపరు రాశారు. బైజాంటైన్ సేనాధిపతుల సమస్య అంటారు. ఒక్క ద్రోహిని తట్టుకోవాలంటే కనీసం నలుగురుండాలి. ఇద్దరు ద్రోహులకి ఏడుగురు. ద్రోహులకి మూడింతలు, పైన ఒకటి. నలుగురైతే మిగతా ముగ్గురూ నీకేం చెప్పారు, నీకేం చెప్పారని ఒకరినొకరు అడుక్కుని ఎక్కువమంది మాట పట్టుకుంటారు. ముగ్గురితో అది కుదరదు.

తమ్ముడు: సంతకం పెట్టించుకుంటే? ఎవరి కబురుకి వాళ్ళ ముద్ర.

అక్క: మంచి ప్రశ్న. ఎవరూ దొంగిలించలేని సంతకం ఉంటే ముగ్గురితోనూ నడుస్తుంది, అదీ ఆ పేపర్లోనే ఉంది. కానీ ఏలియన్లకి ఊళ్ళో తాళాలన్నీ విప్పడం వచ్చని పదిహేనో పేజీలో రాసింది నువ్వేగా.

తమ్ముడు: నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అయితే నాలుగో గుంపు కావాలి. ఎవర్ని పెట్టను? విమానాశ్రయం?

అక్క: కాళ్ళ కింద చూడు.

తమ్ముడు: చెప్పులున్నాయి.

అక్క: ఇంకా కింద. మురుగు కాలవ. కేరళలో జెన్‌రోబోటిక్స్ వాళ్ళు మ్యాన్‌హోళ్ళు శుభ్రం చెయ్యడానికి ఒక రోబో చేశారు, మనుషుల్ని లోపలికి దింపకుండా. దాని పేరు బ్యాండికూట్. ఆ ఇంగ్లీషు మాట ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కు.

తమ్ముడు: నిజమా!

అక్క: నిఘంటువు తీసి చూసుకో. మన మాట ఇంగ్లీషులోకి పోయి, అక్కణ్ణించి రోబోకి పేరై, తిరిగొచ్చి మన మురుగులోనే పడింది. ఇంకో తమాషా ఏంటంటే, రోబో అన్న మాటని నాటకంలోకి తెచ్చింది 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత. మాట అందించింది వాళ్ళన్న జోసెఫ్. వాళ్ళ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరి. నీ కథలో క్రేన్లు రాజుల్లా తిరుగుతున్నాయి, ఉక్కు రోబోలు జమీందారుల్లా ఉన్నాయి. ఆ పేరుకి తగ్గ బతుకు పందికొక్కుదొక్కదానిదే.

తమ్ముడు: మూడు గుంపుల్లో ఎవరూ దాన్ని సభకి పిలవరు. కంపు కొడుతుందని.

అక్క: రోబోలకి ముక్కేదిరా?

తమ్ముడు: ముక్కు లేదు. మనుషుల దగ్గర నేర్చుకున్నాయి.

అక్క: (కాసేపు ఆగి) అది ఉంచు. అది మాత్రం తీసెయ్యకు.

తమ్ముడు: ఇప్పుడు దొరికింది నాకు. పైపులన్నీ చివరికి సముద్రం వైపే పోతాయి కదా. నా పందికొక్కులు వెనకాల తీగ లాక్కుంటూ పోతాయి. రేడియో అక్కర్లేదు, ఏలియన్లు వినలేరు. నీళ్ళవాళ్ళ కబురు గట్టుకి, గట్టు కబురు నీళ్ళలోకి. నాలుగో వోటూ అదే, పోస్టుమ్యానూ అదే.

అక్క: తేరగా చేస్తుందా?

తమ్ముడు: చెయ్యదు. ఒక్కటే అడుగుతుంది. మ్యాన్‌హోల్ మూతలు పైనుంచి బిగించకూడదు అని.

అక్క: అదీ పదమూడో పేజీ.

తమ్ముడు: నా పెద్ద బొమ్మ?

అక్క: పన్నెండులోకి కుదించు. చేతులు విరగ్గొట్టుకోవడం కాస్త తగ్గుతుంది.

తమ్ముడు: సరే, ఇక చివరి పేజీ. ఏలియన్లు పోయాక నాలుగు గుంపులూ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి పక్కన ఫొటో దిగుతాయి. అది కూడా నచ్చలేదా?

అక్క: హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12. కరెంటు లేని ఆ రోజుల్లో మన కింద ఫ్లాటు ఆయనా ఎదురు ఫ్లాటు ఆయనా ఒకే బకెట్టు మోశారు. అంతకుముందు రెండేళ్ళు మాటల్లేవు వాళ్ళకి. ఎదురాయన పిల్లలకి పాలు లేకపోతే కిందాయనే వెతికి తెచ్చిచ్చాడు.

తమ్ముడు: కరెంటొచ్చాక మళ్ళీ పార్కింగ్ దగ్గర మొదలుపెట్టారు. ముందుకంటే ఎక్కువగా.

అక్క: ఎవరు మొదలుపెట్టారు?

తమ్ముడు: ...పాలు తీసుకున్నాయనే.

అక్క: భారతంలో కూడా అంతే కదా. విడిపించాక దుర్యోధనుడు థాంక్స్ చెప్పలేదు. పాండవుల చేత కట్లు విప్పించుకున్నానన్న సిగ్గుతో ప్రాయోపవేశానికి కూర్చున్నాడు, తిండి మానేసి చచ్చిపోతానని. ఓడిపోయినందుకు కాదు, కాపాడింది వాళ్ళయినందుకు.

తమ్ముడు: అయితే పెద్ద క్రేను. పందికొక్కు వల్ల బతికింది. రేవు చివర ఒంటరిగా నిలబడి చార్జింగ్ తీగ తనే పీకేసుకుంటుంది. ఉక్కువాళ్ళూ నీటివాళ్ళూ వచ్చి బతిమాలతారు. కొక్కెం కూడా కదపదు.

అక్క: పందికొక్కు రాదా బతిమాలడానికి?

తమ్ముడు: అది అప్పటికే మూత తీసుకుని కిందికి దిగిపోయింది. జగదాంబ దగ్గర వాననీళ్ళు నిలిచిపోయాయంట.