నీళ్ల కావడి: కనేతో షిందో సినిమా జీవితం

మిత్రులకు నమస్కారం.

కాసేపట్లో మనం చూడబోయే సినిమాలో ఒక ఆడమనిషి గుట్ట ఎక్కుతుంది. భుజాన కావడి, కావడికి రెండు వైపులా నీళ్లు నిండిన బాల్చీలు. దారి ఏటవాలు. అడుగు పడినప్పుడల్లా బద్ద కిందికి వంగి పైకి లేస్తుంది. చుక్క కూడా ఒలకకూడదు, ఎందుకంటే ఆ దీవిలో మంచినీళ్లు లేవు, పక్క దీవికి పడవ వేసుకుని వెళ్లి తేవాలి. పైకి చేరాక ఒక్కొక్క మొక్క మొదట్లో ఇన్ని నీళ్లు పోస్తుంది. పోసీపోయగానే మట్టి పీల్చేసుకుంటుంది. ఆమె మళ్లీ పడవ దగ్గరికి దిగుతుంది. మన ఊళ్లలో చెరువు నుంచి కావడితో నీళ్లు మోసిన తరం వాళ్లు ఈ గదిలో ఉంటే, వాళ్లకు ఈ దృశ్యాన్ని నేను వివరించనక్కరలేదు. వాళ్ల భుజానికే తెలుస్తుంది.

సినిమా పేరు 'హదకా నో షిమా', అంటే నగ్న ద్వీపం. 1960లో వచ్చింది. తీసినవారు కనేతో షిందో.

షిందో 1912లో హిరోషిమా దగ్గరి పల్లెలో, బాగా బతికిన భూస్వామి ఇంట్లో పుట్టారు. తండ్రి ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి ఆస్తంతా పోగొట్టుకున్నారు. తల్లి పొలం కూలికి వెళ్లింది. నగ్న ద్వీపంలో నడుము వంచి పనిచేసే ఆ స్త్రీని చూసినప్పుడల్లా నాకు ఆయన తల్లి గుర్తొస్తుంది. ఒనొమిచి అనే పట్టణంలో అన్నగారింట్లో ఉంటున్న రోజుల్లో ఒక సినిమా చూసి, ఇక తన దారి ఇదేనని కుర్రవాడు నిర్ణయించుకున్నాడు. 1934లో క్యోతోలోని ఒక స్టూడియోలో దొరికిన ఉద్యోగం ఫిల్ము కడిగే విభాగంలో. అక్కడి నుంచి కళా విభాగానికి, అక్కడి నుంచి మహా దర్శకుడు కెంజి మిజొగుచి చెంతకు చేరారు. తాను రాసిన స్క్రిప్టును భయభక్తులతో చూపిస్తే, ఇది స్క్రిప్టు కాదు, ఉత్త కథ అన్నారు మిజొగుచి. ఆ మాటకు కుంగిపోయిన మనిషిని నిలబెట్టింది భార్య తకాకో. నాటకాల సంపుటాలు ముందేసుకుని షిందో నెలల తరబడి చదివారు. పైకి వచ్చేలోగా, 1943లో, క్షయ ఆమెను తీసుకుపోయింది.

మరుసటి ఏడాది సైన్యం నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. ఆయన దళంలో వందమంది. ఎవరిని ఏ యుద్ధరంగానికి పంపాలో అధికారులు చీట్లు తీసి తేల్చేవారు. యుద్ధం ముగిసేసరికి మిగిలింది ఆరుగురు. చీటీ తన పేరు మీద పడలేదు కాబట్టి బతికానని షిందో జీవితాంతం చెబుతూ వచ్చారు. ఈ వంద, ఆరు అనే అంకెలను మనసులో ఉంచుకోండి. మళ్లీ వస్తాను.

యుద్ధం తర్వాత షోచికు సినిమా సంస్థలో దర్శకుడు కొజబురో యొషిమురాకు వరుసగా స్క్రిప్టులు రాసి పేరు తెచ్చుకున్నారు. పైవాళ్లకు మాత్రం వీరి కథలు మరీ చీకటిగా ఉన్నాయనిపించింది. 1950లో ఇద్దరూ బయటికి వచ్చి, నటుడు తైజి తొనొయామాతోనూ మరికొందరితోనూ కలిసి కిందాయ్ ఎయిగా క్యోకాయ్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆనాటి జపానులో ఇది ఎంత తెగువో చెప్పాలి. నటులు, సాంకేతిక నిపుణులు, థియేటర్లు అన్నీ కొద్ది పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉండేవి. 1953లో అయిదు కంపెనీలు ఒప్పందం కుదుర్చుకుని, ఒకరి నటులు మరొకరి దగ్గర పనిచేయకుండా కట్టడి చేశాయి. బయటివాడు సినిమా తీయడం ఒక ఎత్తు, దాన్ని జనానికి చూపించడం మరో ఎత్తు.

దైయేయి సంస్థ అందాల తారగా ప్రచారం చేస్తున్న నొబుకో ఒతోవా ఆ హోదా వదులుకుని వీరితో చేరారు. దర్శకుడిగా షిందో మొదటి చిత్రం 1951లో వచ్చింది. అందులో ఆమె వేసింది చనిపోయిన తకాకో పాత్రే. తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలు ఆయన సినిమాలకు ముఖం ఆమెదే. చాలా ఏళ్ల తర్వాత, 1978లో, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

1952లో 'హిరోషిమా పిల్లలు' తీశారు. యుద్ధం తర్వాతి అమెరికా ఆక్రమణ పాలన అప్పుడే ముగిసింది, అణుబాంబు గురించి నోరు విప్పే వీలు అప్పుడే చిక్కింది. ఒక ఉపాధ్యాయిని తాను ఒకప్పుడు చదువు చెప్పిన పసిపిల్లల్లో ఎవరు మిగిలారో వెతుక్కుంటూ హిరోషిమాకు వస్తుంది. అంతే కథ. దీనికి అండగా నిలిచిన ఉపాధ్యాయ సంఘానికే సినిమా నచ్చలేదు. కన్నీళ్లతో సరిపెట్టారు, నిందించవలసినంత నిందించలేదు అన్నారు. వాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను. అయినా నా ఓటు షిందోకే. తన సొంత ఊరి శిథిలాల ముందు నిలబడి అంత తగ్గు గొంతుతో మాట్లాడటానికి ఎంత నిబ్బరం కావాలి!

1959లో, బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు బూడిద మీదపడిన జాలరి పడవ కథను తీశారు. డబ్బు రాలేదు. సంస్థ అప్పుల్లో మునిగింది. మూసేద్దాం, మూసేముందు మనకు కావలసినట్టు ఒక్క సినిమా తీద్దాం అనుకున్నారు. నగ్న ద్వీపం అలా పుట్టింది.

చేతిలో ఉన్నది సుమారు 50 లక్షల యెన్లు. అప్పటి మామూలు సినిమా ఖర్చులో ఇది పదోవంతు. హిరోషిమా జిల్లా తీరంలో సుకునె అనే చిన్న దీవిని ఎంచుకున్నారు. నటులతో సహా డజను మంది అటూ ఇటూగా వెళ్లి, ఒకే చోట ఉంటూ, వండుకు తింటూ పనిచేశారు. భర్త పాత్ర వేసిన తొనొయామా తాగుడుతో కాలేయం చెడగొట్టుకున్న మనిషి. దీవిలో సారా దొరక్క, షూటింగ్ అయ్యేసరికి ఆరోగ్యం కుదుటపడిందట! మాటలు దాదాపు లేవు. ఉన్నది హికరు హయాషి సంగీతం, తెడ్డు చప్పుడు, గాలి. ఒకచోట భార్య కాలు జారి ఒక బాల్చీ ఒలికిపోతుంది. భర్త చెంప మీద కొడతాడు. ఆ దెబ్బకు నేను ప్రతిసారీ ఉలిక్కిపడతాను, అతన్ని క్షమించలేను. కానీ ఆ ఇంట్లో ఒక బాల్చీ నీళ్ల ధర ఎంతో ఆ దెబ్బతోనే అర్థమవుతుంది.

1961లో మాస్కో చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి, ఒక సోవియట్ చిత్రంతో పాటు, దీనికి దక్కింది. అరవైకి పైగా దేశాలు కొనుక్కున్నాయి. అప్పు తీరింది, సంస్థ బతికింది.

తర్వాతి పనిని ఇక్కడ గబగబా చెప్పక తప్పదు. 1964 నాటి 'ఒనిబాబా' మాత్రం తప్పక చూడండి. మనిషెత్తు రెల్లుగడ్డిలో యుద్ధం, ఆకలి, కామం కలిసి ఊపిరి పీలుస్తుంటాయి. 1994లో ఒతోవా కన్నుమూశారు. జబ్బు ముదిరిందని తెలిసే ఆమె నటించిన చివరి సినిమా మరుసటి ఏడాది విడుదలైంది.

ఇప్పుడు ఆ వంద, ఆరు దగ్గరికి వస్తాను. దళంలో ఒక సహచరుడు షిందోకు తన భార్య రాసిన కార్డు చూపించాడు. ఇవాళ పండుగ, కానీ మీరు లేరు కనుక ఏ కళా లేదు అని ఆమె రాసింది. ఆ మనిషి తిరిగి రాలేదు. ఆ కార్డును షిందో అరవై ఏళ్లకు పైగా మనసులో మోశారు. 2010లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో, చక్రాల కుర్చీలో కూర్చుని దాన్ని సినిమాగా తీశారు. పేరు 'ఒక కార్డు'. ఎవరి ప్రాణం ఎటు పోవాలో చీట్లు తేల్చే ఆ గదిని మనకు చూపించారు. చివరికి ఆ భార్య, బతికి వచ్చిన సైనికుడు కలిసి కావడితో నీళ్లు మోసి గోధుమ చేనుకు పోస్తారు. యాభై ఏళ్ల తర్వాత ఆ కావడి మళ్లీ తెర మీదికి వచ్చింది.

2012 మే నెలలో, నూరేళ్లు నిండిన కొద్ది వారాలకే షిందో వెళ్లిపోయారు. సుకునె చుట్టూ ఉన్న సముద్రంలో అంతకుముందు ఒతోవా అస్థికల్లో కొంత కలిపారు. ఆయనవి కూడా అక్కడే కలిపారు.

ఇక సినిమా వేద్దాం. గంటన్నర సేపు ఎవరూ మాట్లాడరు కదా అని కంగారు పడకండి. చివరిభాగంలో, కొడుకు పోయాక, ఆమె నీళ్లు పోస్తూ పోస్తూ ఒక్కసారిగా బాల్చీ కిందకు విసిరి మొక్కలు పీకేస్తుంది, నేల మీద పడి ఏడుస్తుంది. భర్త ఒక్క మాటా అనడు, చూస్తూ నిలబడతాడు. ఆ తర్వాత ఇద్దరి చేతులూ ఏం చేస్తాయో గమనించండి.