వెళ్ళొస్తాను అనే మాట

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మేముండే వీధి చివర ఒక డేకేర్ ఉంది. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆ గేటు ముందు పది నిమిషాలు నిలబడితే, చంక దిగనని మొరాయించే పిల్లలూ, ఒక చేత్తో పిల్లల సంచీ, మరో చేత్తో ఫోను పట్టుకుని అవుటర్ రింగ్ రోడ్డు మీద వాహనాలు ఎక్కడిదాకా ఆగిపోయాయో చూసుకునే తల్లిదండ్రులూ కనిపిస్తారు. గత జూన్ నుంచి నేనూ వారిలో ఒకణ్ణి. మా ఆవిడ ఆరున్నరకే కంపెనీ బస్సు ఎక్కాలి కనుక, అప్పటికి పద్దెనిమిది నెలలు నిండిన మా అమ్మాయిని దింపే పని నా వంతుకు వచ్చింది.

మొదటి వారం నేను చేసినది చాలా ఇళ్ళలో చేసేదే. "అదిగో కాకి" అని గోడ మీదికి చూపించి, పిల్ల అటు తిరగగానే ఇటు చెప్పుల్లో కాళ్ళు పెట్టి జారుకునేవాణ్ణి. అనంతపురం నుంచి మా అమ్మ ఫోనులో ఇచ్చిన సలహా కూడా ఇదే. మూడు రోజులు బాగానే సాగింది. నాలుగో రోజు కాకిని చూపిస్తే మా అమ్మాయి కాకి వైపు చూడలేదు. రెండు చేతులతో నా చొక్కా కాలరు పట్టుకుంది. ఆ తరువాత ఇంట్లో నేను స్నానాల గది తలుపు వేసుకున్నా బయట కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. నాన్న చెప్పాపెట్టకుండా ఏ క్షణంలోనైనా మాయం కాగలడని దానికి తెలిసిపోయింది, ఆ పాఠం నేర్పినవాణ్ణి నేనే.

ఈ భయం పిల్లలకు పుట్టుకతో వచ్చేది కాదు. సుమారు 8 నెలల వయసులో మొదలై, 10 నుంచి 18 నెలల మధ్య ఉద్ధృతంగా ఉండి, మూడేళ్ళు వచ్చేసరికి చాలామందిలో సద్దుమణుగుతుంది. కంటికి కనిపించని మనిషి కూడా ఎక్కడో ఉన్నాడని గ్రహించేంత తెలివి పసిబిడ్డకు వచ్చినప్పుడే, ఆ మనిషి తన దగ్గర లేడన్న దిగులు కూడా పుడుతుంది. మన తల్లులు చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆడే దోబూచులాటలో బిడ్డ కిలకిలా నవ్వేది ఇందుకే: పోయిన ముఖం తిరిగి వస్తుందని ప్రతిసారీ రుజువవుతుంది. కాకిని చూపించి జారుకోవడమంటే, కొంగు తీయకుండానే ఆట మధ్యలో లేచిపోవడం.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది. అంటే తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు మహా అయితే ఆరు నెలలు. ఆ వయసులో డేకేర్‌లో చేర్చిన బిడ్డ మొదట ఎవరి చేతుల్లోకైనా నవ్వుతూ వెళ్ళి, రెండు మూడు నెలల తరువాత ఒక రోజు ఉన్నట్టుండి గేటు దగ్గర గుక్కపట్టి ఏడిస్తే, అక్కడ ఏదో జరిగిందని కంగారు పడిన దంపతులను నేను ఎరుగుదును. చాలాసార్లు ఏమీ జరిగి ఉండదు. బిడ్డ పెరిగింది, అంతే. అదే చట్టం 50 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలకు శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళనివ్వాలని చెప్పింది. తండ్రి వెళ్ళడం గురించి అందులో ఒక్క ముక్క లేకపోయింది. గేటు దగ్గర నిలబడే నాన్నల సంఖ్య చూసిన తరువాత ఆ లోటు నాకు కొంచెం గుచ్చుకుంది.

నా పద్ధతి మార్చినది అక్కడ పిల్లలను చూసుకునే అక్క. ఆమె కన్నడిగురాలు. ఒక రోజు నేను వెనక్కి వెనక్కి నడుస్తూ తప్పించుకోబోతుంటే, "హేళి హోగి సార్" అన్నది, అంటే చెప్పి వెళ్ళండి అని. ఏమని చెప్పాలో అప్పుడు ఆలోచించాను. మన ఇళ్ళలో గడప దాటేవారు "పోతున్నాను" అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, "వెళ్ళొస్తాను" అనాలి. కన్నడంలో అదే "హోగి బర్తీని", తమిళంలో "పోయిట్టు వరేన్". పిల్లకు చెప్పవలసినదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది, పోవడమూ రావడమూ కలిపి. అయితే ఆ వయసు పిల్లకు ఆరు గంటలంటే ఏమిటో తెలియదు కనుక, "నువ్వు పడుకుని లేచి, పాలు తాగి, ఆడుకుంటూ ఉంటే నాన్న వస్తాడు" అని దాని రోజునే గడియారంగా చేసుకున్నాను.

మర్నాటి నుంచి చెప్పుల అరలో చెప్పులు పెట్టించి, ముద్దు పెట్టి, వెళ్ళొస్తానని చెప్పి, అక్క చేతికి ఇచ్చి తిరిగి చూడకుండా నడిచాను. అది ఏడ్చింది, మునుపటికంటే ఎక్కువగా. వారం రోజులు వీధి మలుపు దాకా ఆ గొంతు నా వెనకే వచ్చేది. ఒకసారి ఆగలేక తిరిగి వెళ్ళాను. దానివల్ల రెండు వీడ్కోళ్ళు, రెండు ఏడుపులు అయ్యాయి. వాళ్ళమ్మ పాత నూలు చీర ముక్క ఒకటి సంచీలో పెట్టమని అక్క అడిగింది. అమ్మ లేని చోట అమ్మకు, లోకానికి మధ్య వంతెనలా పనిచేసే ఇలాంటి వస్తువుల గురించి బ్రిటిష్ శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1953లోనే ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించాడు. మా అమ్మాయి ఆ ముక్కను చెంపకు ఆనించుకుని మధ్యాహ్నం నిద్రపోతున్న ఫొటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు, ఆఫీసులో మీటింగు నడుస్తుండగానే రెండుసార్లు చూసుకున్నాను.

ఉదయపు ఏడుపును బట్టి ఏదీ నిర్ణయించుకోవద్దని నాకు ధైర్యం ఇచ్చినది మేరీ ఐన్స్‌వర్త్ పని. ఉగాండా పల్లెల్లోనూ, తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ తల్లులను, పసిపిల్లలను గమనించిన ఈ మనస్తత్వవేత్త, ఏడాది వయసు పిల్లల కోసం సుమారు 20 నిమిషాల పరీక్ష ఒకటి రూపొందించింది. కొత్త గదిలో తల్లి బిడ్డను కాసేపు వదిలి వెళ్ళి, మళ్ళీ వస్తుంది. వదిలినప్పుడు ఎంత ఏడ్చిందన్నదాని కంటే, తల్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేసిందన్నదానికే ఆమె ఎక్కువ విలువ ఇచ్చింది. దగ్గరికి వచ్చి, ఊరట పొంది, తిరిగి ఆటలోకి వెళ్ళే బిడ్డకు ఆ బంధం మీద నమ్మకం ఉన్నట్టు.

అందుకని నేను సాయంత్రాలను గమనించసాగాను. పరుగెత్తుకు వచ్చి కాళ్ళకు చుట్టుకుంటుంది, ఒక నిమిషం తరువాత దిగి, ఎవరిదో బొమ్మ లారీ నాకు చూపిస్తుంది. పాలు కావాలంటే "హాలు" అంటుంది, వద్దంటే "బేడ" అంటుంది. అలా కాక, వారాల తరబడి తిండి మానేసినా, రోజంతా ఏడుస్తూనే ఉన్నా, ఫలానా మనిషిని చూస్తేనే బెదిరిపోతున్నా, అది వేరే సంగతి. అక్కడ ఓపిక పట్టడం సరికాదు, విచారించాలి.

మూడు వారాలకు మా గేటు దగ్గర ఏడుపు సన్నగిల్లింది. సంక్రాంతికి అనంతపురంలో నానమ్మ దగ్గర ఐదు రోజులు గడిపి వచ్చేసరికి మళ్ళీ మొదటికి వచ్చింది, ఆ సోమవారం కాలరు పట్టు ఇంకా గట్టిపడింది, శుక్రవారానికి సర్దుకుంది. ఉగాదికి మళ్ళీ వెళ్ళడానికి రైలు టిక్కెట్లు తీసుకున్నాము. తిరిగి వచ్చిన మర్నాడు ఒక గంట ఆలస్యంగా వస్తానని ఆఫీసులో ఇప్పుడే చెప్పి పెట్టుకున్నాను.

సెలవు. వెళ్ళొస్తాను.