సెంటర్లో కత్తి బయటికొస్తే

అందరికీ నమస్కారం.

విజయవాడ స్టేషన్, బస్టాండు, వన్‌టౌన్ చుట్టుపక్కల డ్రాప్-ఇన్ సెంటర్లలో, అంటే వీధిలో బతికేవాళ్లు వచ్చి అన్నం, మందులు తీసుకునే చోట్ల పనిచేసే మీకు ‘బ్లేడ్ బ్యాచ్’ (బ్లేడ్లతో బెదిరించే కుర్రాళ్ల ముఠా) అనే మాట కొత్త కాదు. దయచేసి మన గదుల్లో ఆ మాట వాడొద్దు. ఆ పేరుతో చూస్తే గుమ్మం తొక్కిన ప్రతి కుర్రాడూ ముద్దాయిలాగే కనిపిస్తాడు. చిత్తుకాగితాలు ఏరే అతని సంచిలో ఇనుప కొక్కెం, రాగితీగ పైతొక్క గీకే బ్లేడు ఉంటాయి. అవి అతని పనిముట్లు. గుమ్మం దగ్గర తాళం పెట్టె పెట్టి, నంబరు బిళ్ల ఇచ్చి తీసుకోండి, వెళ్లేటప్పుడు తిరిగివ్వండి. ఇవ్వకపోతే మర్నాటి నుంచి అవి పెట్టెలోకి రావు, నడుం దగ్గర దాగుంటాయి. తాగి ఉన్నా, ఎవరితోనైనా గొడవపడి ఉన్నా మాత్రం “రేపు పొద్దున తీసుకో” అనాలి. నాటు తుపాకీ, వేటకొడవలి లాంటివి ఈ పెట్టెలోకి రాకూడదు. అవి కంటపడితే చూసినట్టు తెలియనివ్వకుండా బయటికొచ్చి 112కి చెప్పండి.

గది సంగతి. చాలా సెంటర్లు షాపు గదులే కాబట్టి షట్టర్ ఎప్పుడూ పూర్తిగా పైకెత్తి ఉండాలి. సగం దించిన షట్టర్ కింద వంగి పారిపోవడం కుదరదు. సిబ్బంది కుర్చీ తలుపు వైపు, మధ్యలో బల్ల. వంటింటి కత్తులు, కత్తిపీట లెక్కపెట్టి తాళంలో పెట్టాలి. గాజు గ్లాసులు, సీసాలు తీసేయండి.

ఇక కత్తి బయటికొచ్చిన క్షణం. లాక్కునే ప్రయత్నం ఎవరూ చేయొద్దు, ఎంత బలమున్నా సరే. మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని అమెరికా పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో చూపించాడు. మన గదులు చాలావరకు అంత పొడవే ఉండవు. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు చప్పుడు లేకుండా జనాన్ని బయటికి పంపాలి. దానికి ముందే ఒక మాట అనుకోండి: “ఎర్ర రిజిస్టర్ తెండి.” ఆ మాట వినగానే ఒకరు బయటికెళ్లి ఫోన్ చేస్తారు. చిరునామా, దగ్గర్లో ఉన్న కొండగుర్తు, అతని చేతిలో ఏముంది, లోపల ఎంతమంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇవన్నీ చెప్పాలి. వన్‌టౌన్ సందుల్లో గుర్తు చెప్పకపోతే పోలీసులు కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ తిరుగుతూ ఉంటారు.

మాట్లాడేవాళ్లు గొంతు తగ్గించి, అరచేతులు కనబడేలా పెట్టి, చిన్న చిన్న మాటలు అనాలి. “తమ్ముడూ, నేనిక్కడే ఉంటా. అది కింద పెట్టి వెనక్కి జరుగు.” చేతికివ్వమని అడగొద్దు, ఇవ్వడానికి దగ్గరికొస్తాడు. “పోలీసుల్ని పిలుస్తా” అని బెదిరించొద్దు. బయటికి పోతానంటే అడ్డు తప్పుకోండి, వెంటపడొద్దు. తన చెయ్యే కోసుకుంటానన్నా ఇదే పద్ధతి. మీదపడితే గాయం ఇద్దరికీ అవుతుంది.

కింద పడ్డ కత్తిని ముట్టుకోకుండా బకెట్ బోర్లించండి, పోలీసులొచ్చేదాకా ఒకరు పక్కన నిలబడాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడైతే 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు. ఆ మాట అక్కడే మర్యాదగా గుర్తుచేయండి.

రక్తం కారుతుంటే గ్లోవ్స్ వేసుకుని శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కండి, పది నిమిషాలు ఎత్తి చూడొద్దు. గుచ్చుకుని ఉన్నదాన్ని పీకొద్దు, రక్తం ఉరుకుతుంది. 108కి చెప్పండి. మన సిబ్బందికే ఆ బ్లేడుతో తెగితే పిండకుండా పారే నీళ్లలో సబ్బుతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే వేయరు, 28 రోజులు వాడాలి. “చిన్న గీతేగా” అని ఇంటికెళ్లడం నాకు అన్నిటికంటే భయం.

నేల మీద రక్తంపై పాత గుడ్డ కప్పి, లీటరు నీటికి 30 గ్రాముల పైచిలుకు బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసి, పది నిమిషాలయ్యాక తుడవండి. పోలీసులు చూడకముందు మాత్రం కడగొద్దు.

కత్తి తీసిన మనిషిని ఎన్నాళ్లు లోపలికి రానివ్వకూడదో ఆ సాయంత్రమే అందరూ కూర్చుని నిర్ణయించండి. అతనికి నచ్చిన ఒకరు బయట కలిసి ఆ తేదీ చెప్పాలి. అప్పటిదాకా అతని అన్నం, మందులు గుమ్మం దగ్గర అందాలి.