టామీ, మల్లి, మధ్యలో ఒక తలుపు

అందరికీ నమస్కారం.

ఇందాక మైకు చేతికిస్తూ నిర్వాహకులు నన్నొక మాట అడిగారు. "కుక్కా పిల్లీ ఒకే ఇంట్లో ఉంటాయా, ఉండవా? ఒక్క ముక్కలో చెప్పండి" అని. "ఉంటాయండీ, మనం తొందరపడకపోతే" అన్నాను. ఆ తొందర గురించే మీతో కాసేపు మాట్లాడతాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా కుక్క టామీకి అప్పటికి మూడేళ్లు. మల్లి అనే పిల్లిని తెచ్చిన రోజు దాన్ని చంకలో పెట్టుకుని తిన్నగా హాల్లోకి వెళ్లి, "ఒరే టామీ, నీకు చెల్లెలొచ్చిందిరా" అంటూ వాడి మూతి ముందు పెట్టాను. ఆ తర్వాత అంతా నాలుగైదు సెకన్లలో అయిపోయింది. మల్లి నా మోచేతి మీంచి భుజం మీదికి, భుజం మీంచి కర్టెన్ మీదికి, అక్కణ్నుంచి బీరువా మీదికి ఎక్కేసింది. టామీ కింద నిలబడి ఒకటే మొరుగుడు. మోచేతి నుంచి భుజం దాకా నాకు ఎర్రటి గీతలు. ఆ రాత్రి దాకా మల్లి కిందికి దిగలేదు. ఆ నాలుగు సెకన్లను సరిచేసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది.

నేను చేసిన తప్పేమిటంటే, పిల్లికి పారిపోయే దారి లేకుండా చేశాను. ఎత్తుకుని పట్టుకుంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను. పిల్లికి అది ధైర్యం కాదు, కట్టేసినట్టు.

ఈ రెండు జంతువులూ మన దగ్గరికి వచ్చిన దారులే వేరు. కుక్క తోడేలు సంతతి. గుంపులో బతికిన జాతి. కొత్తవాళ్లు కనిపిస్తే దగ్గరికెళ్లి వాసన చూసి, ఎవరో ఏమిటో తేల్చుకుంటే గానీ దానికి నిద్రపట్టదు. పిల్లి పూర్వీకురాలు ఆఫ్రికా అడవిపిల్లి. ఒంటరిగా వేటాడుతుంది, పైగా తనకంటే పెద్ద జంతువులకు తానే వేట అవుతుంది. ధాన్యం నిల్వల దగ్గర ఎలుకలుంటాయని అదే మనిషిని వెతుక్కుంటూ వచ్చింది. 2004లో సైప్రస్‌లో తవ్వకాలు జరిపినవాళ్లు, సుమారు 9,500 ఏళ్ల కిందటి మనిషి సమాధి పక్కనే ఒక పిల్లి అస్థిపంజరం దొరికిందని ప్రకటించారు. అన్ని వేల ఏళ్లు మనతో ఉన్నా దాని లెక్క మారలేదు. కొత్తదేదైనా వస్తే ముందు దూరం నుంచి చూడాలి. అవసరమైతే వెళ్లిపోగలగాలి.

ఇక భాష. కుక్క తోక విశాలంగా, వదులుగా ఊపితే సంతోషం. పిల్లి తోకను అటూ ఇటూ విసురుతుంటే చిరాకు. పిల్లి నిటారుగా తోక ఎత్తుకుని వస్తే అది పలకరింపు. కుక్క వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే చాలాసార్లు "నేనేం చెయ్యను, వదిలెయ్" అని. కుక్క మీదికొచ్చినప్పుడు పిల్లి వెల్లకిలా తిరిగిందంటే నాలుగు కాళ్ల గోళ్లూ ఒకేసారి సిద్ధం చేసుకుందని. కుక్క ముందు కాళ్లు నేలకానించి, నడుం పైకెత్తి ఒక్క గెంతు వేస్తుంది. ఆడుకుందాం రమ్మని పిలుపు. పిల్లికది మీదికి దూకబోతున్నట్టే కనిపిస్తుంది. మరి ఇందులో శత్రుత్వం ఎక్కడుంది చెప్పండి? ఒకరి భాష ఒకరికి రాకపోవడం తప్ప.

నేర్చుకుంటాయా అంటే, నేర్చుకుంటాయి. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ఈ రెండూ కలిసి ఉంటున్న ఇళ్లను పరిశీలించారు. చాలా ఇళ్లలో అవి ఒకదాని సైగలు ఒకటి సరిగ్గానే అర్థం చేసుకుంటున్నాయి. పిల్లి ఆరు నెలల లోపు, కుక్క ఏడాది లోపు వయసులో కలిసినచోట, ఇంట్లోకి పిల్లి ముందు వచ్చినచోట సంగతులు ఇంకా సాఫీగా ఉన్నాయని వాళ్లు గమనించారు. అసలు పిల్లి కూనలు రెండో వారం నుంచి ఏడో వారం దాకా, కుక్కపిల్లలు మూడో వారం నుంచి మూడు నెలల దాకా చూసినవన్నీ మామూలు విషయాలుగా తీసుకుంటాయి. మా ఇంట్లో మాత్రం అన్నీ తలకిందులు. మూడేళ్ల కుక్క ముందుంది, ఎదిగిన పిల్లి తర్వాత వచ్చింది. అయినా కుదిరింది. వయసు దాటిపోయిందని దిగులు పడకండి, సమయం ఎక్కువ పడుతుందంతే.

ఎలా కుదిరిందో చెబుతాను. మర్నాడు మల్లికి ఒక గది ఇచ్చేశాం. అందులోనే తిండి, నీళ్లు, లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాల కోసం ఇసుక లాంటిది పోసి పెట్టే డబ్బా), దూరడానికి ఒక అట్టపెట్టె. తలుపు మూసే ఉంటుంది. టామీ పడుకునే పాత తువ్వాలు తీసి మల్లి గదిలో ఒక మూల వేశాను. మల్లి బుగ్గలకు రుద్దిన గుడ్డ టామీ పక్క దగ్గర పెట్టాను. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. అది మన కాళ్లకూ తలుపులకూ బుగ్గలు రాసేది, ఇది నాదే అని ముద్ర వేసుకోవడానికి. మొదటి రోజు ఆ తువ్వాలు చూసి మల్లి బుస్సుమంది. మూడో రోజు పక్క నుంచి నడిచిపోయింది. వారం తిరిగేసరికి దాని మీదే పడుకుని ఉంది. తలుపు సందులోంచి ఆ దృశ్యం చూసినప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ తర్వాత తలుపుకి అటూ ఇటూ తిండి గిన్నెలు పెట్టాం, రోజుకి కొంచెం దగ్గరికి జరుపుతూ. ఎక్కడైనా పిల్లి తినడం ఆపేసిందంటే మీరు ఎక్కువ జరిపేశారని. మళ్లీ వెనక్కి జరపండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అది కుదిరాక గుమ్మానికి చిన్నపిల్లల కోసం కట్టే గేటు కట్టాం. ఇప్పుడు ఒకదానికొకటి కనిపిస్తాయి. టామీకి లీష్, అంటే మనం పట్టుకునే తాడు ఉంటుంది, కానీ వదులుగా. లీష్ బిగించి పట్టుకుంటే కుక్కకి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నా జేబులో చికెన్ ముక్కలు. ఇక్కడ ఒక్క క్షణాన్ని పట్టుకోవాలి. కుక్క పిల్లిని చూస్తుంది, చెవులు ముందుకొస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. మీరు మెల్లగా పేరు పెట్టి పిలుస్తారు. అది పిల్లి మీంచి చూపు తిప్పి మీ వైపు చూస్తుంది. అదిగో, ముక్క ఇవ్వాల్సింది అప్పుడే. రెండు సెకన్లు ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. ఎంత పిలిచినా తిరగలేదంటే చాలా దగ్గరగా ఉన్నారని, నాలుగు అడుగులు వెనక్కి వేయండి. ఐదు నిమిషాలు చాలు. ఇంకా బాగానే ఉంది కదా అనిపించినప్పుడే ఆపేయండి.

తిట్టకండి. పిల్లి కనబడిన ప్రతిసారీ తిట్లు పడుతుంటే కుక్క లెక్కలో ఆ తిట్లకు కారణం పిల్లే. అలాగే పిల్లి బుస్సుమంటే కసరకండి. బుస్సుమనడం గోరు తగలకముందు వచ్చే హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే రేపు హెచ్చరిక లేకుండానే గోరు వస్తుంది, అది కుక్క కంటికి తగిలితే మాటలు కాదు.

మీలో చాలామంది మొరుగుడుకి భయపడతారు. నాకైతే మొరిగే కుక్క కంటే, నోరు మూసుకుని, కదలకుండా, రెప్ప వేయకుండా పిల్లిని చూసే కుక్కంటేనే భయం. అది వేట చూపు. పారిపోయే వాటిని తరమడానికే తరతరాలుగా పెంచిన వేటజాతుల్లో ఇది ఎక్కువ. వారాలు గడిచినా ఆ చూపు తిప్పించలేకపోతే జంతువుల ప్రవర్తన తెలిసిన నిపుణుడిని పిలవండి. కొన్ని జంటలు ఎప్పటికీ వేర్వేరు గదుల్లోనే ఉండాలి. దాన్ని ఓటమి అనుకోకండి.

గేటు తీసేశాక కూడా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండింటినీ ఒకచోట వదలలేదు మేము. నెలల తరబడి. ప్రతి గదిలోనూ పిల్లికి ఎత్తైన చోటు ఒకటి చూపించాం, ఒక అర, ఒక బీరువా. తప్పించుకునే దారి కనిపిస్తుంటే మల్లి పరిగెత్తదు, నడుస్తుంది. పిల్లి పరిగెత్తకపోతే కుక్కకు తరమాలని అనిపించదు. మా ఇంట్లో సగం గొడవ ఈ ఎత్తుల వల్లే తీరింది.

తిండి గిన్నెలు ఎప్పటికీ వేరే. పిల్లి తిండిలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ, కాబట్టి కుక్క నాకేస్తుంది, లావెక్కుతుంది. పిల్లికి మాత్రం కుక్క తిండి పెట్టి సరిపెట్టకండి. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే కావాలి. అది లేకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లోనే తేల్చారు.

ఇంకొకటి, ఇది దయచేసి గుర్తుంచుకోండి. కుక్కల పిడుదుల కోసం మెడ మీద చుక్కలుగా వేసే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లికి విషం. ఆ మందును అరిగించుకునే శక్తి దాని కాలేయానికి చాలదు. వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. పిల్లికి వేయకపోయినా, మందు తడి ఆరని కుక్కను రాసుకుని పడుకుంటే చాలు. రెండూ ఉన్న ఇంట్లో మందు కొనేముందు "మాకు పిల్లి కూడా ఉంది" అని డాక్టరుకి చెప్పండి.

కొత్తగా వచ్చిన పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే అలిగిందనుకోకండి, డాక్టరుకి చూపించండి. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకుండా ఉంటే ఆ గంటలోనే బయల్దేరండి. టెన్షన్ పిల్లి మూత్రాశయం మీద పడుతుంది, మగవాటికి నాళం మూసుకుపోతుంది కూడా.

ఇక ప్రశ్నలు. ముందు వరసలోంచి చీటీ ఒకటి వచ్చింది. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, మా కుక్క పిల్లి లిట్టర్ బాక్స్‌లోవి తినేస్తోంది, ఏం చేయాలి?" నవ్వకండి, ఇంకా నలుగురైదుగురు ఇదే అడుగుదామనుకుని సిగ్గుపడి ఊరుకున్నారని నాకు తెలుసు. మా టామీ కూడా అదే బాపతు. బాక్స్ ఉన్న గది తలుపుకి చిన్న గొళ్లెం పెట్టి, మల్లి మాత్రం దూరేంత సందు వదిలాం. మీ కుక్క చిన్న జాతిదైతే ఈ ఉపాయం పారదు. బాక్స్‌ని పిల్లి గెంతి చేరుకునే అరుగు మీద పెట్టండి, రోజుకి రెండుసార్లు శుభ్రం చేయండి. ఇంతకీ మీ కుక్క ఎంత ఎత్తుంటుందండీ?