వాల్తేరు గోడల సంగతి

శ్రోతలకు నమస్కారం.

హౌరా వైపు నుంచి వచ్చి చెన్నై వెళ్లే రైలు విశాఖపట్నంలో ఆగుతుంది. ముందున్న ఇంజను విడిపోతుంది, వెనకవైపు పెట్టెకు మరో ఇంజను తగులుకుంటుంది. కాసేపటికి రైలు వచ్చిన దారినే కదులుతుంది. "నాన్నా, మళ్ళీ ఇంటికేనా?" అని ఒక పిల్ల గాభరాపడటం నేను చూశాను. పిల్ల తప్పేమీ లేదు. హౌరా దిక్కున విజయనగరం వైపు పట్టాలూ, చెన్నై దిక్కున దువ్వాడ వైపు పట్టాలూ మన స్టేషనుకు ఒకే గుమ్మంలోంచి వస్తాయి. తొందరలో ఉన్న కొన్ని రైళ్లు అందుకే ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా జారుకుంటాయి.

బెజవాడ నుంచి కటక్ దాకా ఈ దారిని 1893, 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. 1901లో దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, మరుసటి ఏడాది ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు వెళ్ళాయి. అలా అప్పట్లో వాల్తేరు అనే పేరున్న మన స్టేషను రెండు కంపెనీల పొలిమేర అయింది. 1933లో ఓడరేవు తెరుచుకుంది, 1960లలో ఛత్తీస్‌గఢ్ వైపు కిరండూల్ గనుల ఇనుప ఖనిజం కొండలు దిగి వచ్చింది. 1987లో బోర్డు మీద వాల్తేరు చెరిగి విశాఖపట్నం వచ్చింది. పెద్దవాళ్ళ నోట మాత్రం ఇప్పటికీ వాల్తేరే.

పేరు మార్చడానికి రంగు డబ్బా చాలు. గోడ బాగుచేయడానికి చాలదు. ఆ తరం ఇటుక కట్టడాలు సున్నంతో లేచినవి. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే పద్ధతి మన మేస్త్రీలకు తెలిసిందే. సున్నం గోడ తేమ పీల్చి మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. పైగా ఇది సముద్రపు గాలి. తేమతో పాటు ఉప్పూ లోపలే ఉండిపోయి, గడ్డకట్టి, ఇటుకను లోపలి నుంచే పిప్పి చేస్తుంది.

ఒక పాత చిన్న స్టేషనులో, కొత్తగా రంగు వేసిన గోడ మీద వేలితో తట్టి చూశాను. డొల్ల శబ్దం వచ్చింది. గోరుతో గీకితే సిమెంటు పెచ్చు ఊడింది, వెనకాల ఎర్రటి పొడి రాలింది. పక్కనున్న ముసలి మేస్త్రీ ఆ పొడి చేతిలోకి తీసుకుని, "ఇటుక మంచిదేనండీ, పైపూతే తప్పు" అన్నాడు.

పాత స్టేషన్లకు మెరుగులు దిద్దే పనులు ఎక్కడ మొదలైనా నేను అడిగేది ఒక్కటే. సున్నం నానడానికీ, పూత పొరపొరగా ఆరడానికీ మేస్త్రీ ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు టెండరులో రాశారా? లేక ప్రారంభోత్సవం తేదీ ముందే పెట్టేసి, దాన్నిబట్టి సిమెంటు బస్తాలు దింపారా?

నమస్కారం.