నిర్వాసితులు ఏరు దాటి వచ్చిన రాత్రి: అధికారులకు ఎలాంటి శిక్షణ కావాలి?

[దృశ్యం: మల్కన్‌గిరి జిల్లా, మోటు. శబరి, సీలేరు కలిసే చోటు. రేవులో నాటు పడవలు. వ్యాఖ్యాత గట్టు మీద నిలబడి ఉంటారు.]

నమస్కారం. ఒడిశా పటంలో అట్టడుగున, మల్కన్‌గిరి జిల్లా చివర ఉన్న ఊరు మోటు. నా వెనక కలుస్తున్నవి శబరి, సీలేరు. శబరి దాటితే ఛత్తీస్‌గఢ్, సీలేరు దాటితే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ సంతలో కోయ, తెలుగు, ఒడియా, బెంగాలీ ఒకే బేరంలో వినబడతాయి.

ఒక రాత్రిని ఊహించుకుందాం. జూలై నెల. ఏరు పొంగుతోంది. అవతలి గట్టు నుంచి నలభై కుటుంబాలు ఇవతలికి చేరాయి. కొందరిని వరద తరిమింది. కొందరు వరదకు ముందే ఊళ్లో ఉండలేని స్థితికి వచ్చారు. కాగితాలు వెంట తెచ్చుకున్నవారు తక్కువ. ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. రేవుకు వచ్చే మొదటి ప్రభుత్వోద్యోగి కలెక్టర్ కాదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఒక కానిస్టేబుల్, ఒక అంగన్‌వాడీ కార్యకర్త వస్తారు. వాళ్లు ఆ రాత్రి రాసే జాబితాయే తర్వాత రేషనుకూ, పరిహారానికీ, పిల్లల చదువుకూ ఆధారమవుతుంది.

ఆ జాబితా ఎలా రాయాలో వాళ్లకు ఎవరు నేర్పాలి, ఎలా నేర్పాలి? ఈ వీడియో దాని గురించే.

[తెరపై: పటం. శబరి గీత ఎర్రగా వెలుగుతుంది.]

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. శబరి దాటినవారు దేశం దాటలేదు, రాష్ట్రం దాటారు. కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులు కారు. సొంత దేశంలోనే ఇల్లు విడవాల్సి వచ్చిన పౌరులు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం వాళ్లకు ఇచ్చింది. “మీరు పక్క రాష్ట్రం వాళ్లు, మీ కలెక్టర్ దగ్గరికి వెళ్లండి” అనే మాట రేవు దగ్గర వినబడితే, శిక్షణలో మొట్టమొదట సరిచేయాల్సింది ఆ మాటనే.

ఇలాంటివారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో అంతర్గత నిర్వాసితులపై మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. మొత్తం 30 సూత్రాలు. ఇవి ఒప్పందం కావు, ఏ దేశమూ వీటిమీద సంతకం చేయలేదు. అయినా ఇవి అప్పటికే ఉన్న మానవ హక్కుల చట్టం నుంచి, యుద్ధకాలపు మానవతా చట్టం నుంచి తీసి కూర్చినవి. వీటిలో 20వ సూత్రం నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. పోయిన పత్రాల స్థానంలో కొత్తవి ఇవ్వాలనీ, వాటికోసం పాత ఊరికి తిరిగి వెళ్లి రమ్మనడం వంటి అసమంజసమైన షరతులు పెట్టకూడదనీ అది చెబుతుంది. కాలిపోయిన ఊరికో, మునిగిన ఊరికో వెళ్లి ధ్రువపత్రం తెమ్మనే గుమాస్తాకు ఈ ఒక్క సూత్రం వంటబట్టినా చాలామంది కష్టం తీరుతుంది.

మరి శరణార్థులు? 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అయినా సరిహద్దు జిల్లాలకు శరణార్థులు కొత్త కాదు. గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్లు 1960ల నుంచి ఉంటున్నారు. ఇదే మల్కన్‌గిరికి, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను తెచ్చారు. వాళ్ల ఊళ్లకు ఇప్పటికీ ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అనే అక్షరాల పక్కన అంకెలే పేర్లు. ఒప్పందంలో లేకపోయినా మన రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణను “పౌరుడికి” అనలేదు, “ఏ వ్యక్తికీ” అంది. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది.

[దృశ్యం: వ్యాఖ్యాత చేతిలో తెరిచిన పుస్తకం.]

ఇక మానవతా చట్టం, అంటే యుద్ధంలో కూడా మనుషులను కాపాడే నియమాలు. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలను భారత్ 1950లో ఆమోదించింది, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసుకుంది. శిక్షణ గురించి మాట్లాడేవారు తరచుగా మరిచిపోయే మాట ఒకటి నాలుగో ఒప్పందం 144వ అధికరణంలో ఉంది. యుద్ధకాలంలో రక్షిత వ్యక్తుల (ఎదుటిపక్షం చేతిలో పడిన పౌరుల) బాధ్యత వహించే పౌర, సైనిక, పోలీసు అధికారుల దగ్గర ఆ ఒప్పంద పాఠం ఉండాలి, అందులోని నిబంధనలపై వాళ్లకు ప్రత్యేకంగా బోధన జరగాలి. అంటే అధికారులకు నేర్పడం ప్రభుత్వం చేసే దయ కాదు, ప్రభుత్వం ఇచ్చిన మాట. యుద్ధం వచ్చాక నేర్పడం కుదరదు కాబట్టి శాంతికాలంలోనే నేర్పాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాచిపెట్టి శిక్షణ ఇస్తే మొదటి గంటలోనే తరగతి చేజారుతుంది. మానవతా చట్టం సాయుధ ఘర్షణ జరుగుతున్నప్పుడే వర్తిస్తుంది. మావోయిస్టుల సమస్యను మన ప్రభుత్వం సాయుధ ఘర్షణగా ఒప్పుకోదు, అంతర్గత భద్రతా సమస్యగానే చూస్తుంది. కాబట్టి తరగతిలో ఒక సబ్-ఇన్‌స్పెక్టర్ లేచి “ఇది మాకు వర్తించదు కదా” అంటాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగా ఉండాలి. పేరు ఏది పెట్టినా లొంగిపోయినవాణ్ని, గాయపడినవాణ్ని, ఆయుధం పట్టనివాణ్ని హింసించకూడదు, చంపకూడదు. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం చెప్పేది అదే, మన 21వ అధికరణం చెప్పేదీ అదే. ఏ చట్టం వర్తిస్తుందన్న వాదానికి అరగంట ఇవ్వండి. మిగిలిన రోజంతా ఏం చేయాలో నేర్పండి.

[తెరపై: పాత, కొత్త ఘటనల కాలపట్టిక నెమ్మదిగా కదులుతుంది.]

ఈ జిల్లాల్లో ఉదాహరణల కోసం ఆఫ్రికాకో, పశ్చిమాసియాకో వెళ్లనక్కరలేదు. 2005 నుంచి, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం కాలంలో అవతలి గట్టున ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు, కొందరు అడవులు దాటి ఖమ్మం, వరంగల్ వైపు వెళ్లిపోయారు. ఆ వ్యవహారం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెళ్లినవారిలో చాలామందికి కొత్తచోట గిరిజన ధ్రువపత్రమే దొరకలేదు. ఏ తెగ ఏ రాష్ట్రంలో షెడ్యూల్డు తెగ అవుతుందో రాష్ట్రాలవారీ జాబితాలు నిర్ణయిస్తాయి మరి.

ఇటు సీలేరు మీద కట్టిన బలిమెల జలాశయం ఊళ్లను ముంచింది. ముంచనివాటిలో 151 ఊళ్లను నీళ్ల మధ్య వదిలేసింది. వాటిని కటాఫ్ ఏరియా అన్నారు. ఆసుపత్రికి పోవాలన్నా లాంచీ కోసం ఎదురుచూడాల్సిన ఆ మనుషులకు గురుప్రియ వంతెన 2018లో వచ్చింది. ఇల్లు కదలకుండానే బతుకు నిర్వాసమైపోవడం అంటే ఇదే. ఏ పాఠ్యప్రణాళికా దీన్ని వదిలేయకూడదు.

మహారాష్ట్ర వైపు చూస్తే, గడ్చిరోలి జిల్లా సిరోంచాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న ఊళ్లవాళ్లు మేడిగడ్డ బ్యారేజీ వెనకనీళ్లకు పొలాలు మునుగుతున్నాయని పోరాడారు. అక్కడ రేవుకు మొదట వచ్చేది తలాఠీ అని పిలిచే ఊరి రెవెన్యూ ఉద్యోగి, పోలీస్ పాటిల్ అనే ఊరి పోలీసు ప్రతినిధి. పేర్లు మారతాయి, పని ఒకటే.

(మనలో చాలా కుటుంబాలకు ఇది పరాయి కథ కూడా కాదు. 1942లో యుద్ధానికి భయపడి బర్మాలోని రంగూన్ నుంచి కాలినడకన బయలుదేరినవారిలో శ్రీకాకుళం, గంజాం వైపు తెలుగువాళ్లు ఎంతోమంది. మీ ఇంట్లో ఆ ముచ్చట తెలిసిన పెద్దలు ఉంటే తప్పకుండా అడిగి రాసిపెట్టుకోండి.)

[దృశ్యం: ఒక ప్రభుత్వ పాఠశాల తరగతి గది. నేల మీద కొలత టేపు.]

శిక్షణను ఎలా కట్టాలో ఇక చూద్దాం. నా అభిప్రాయం ఇది: చట్టాల పేర్లతో మొదలుపెట్టకూడదు, ఆ రాత్రితో మొదలుపెట్టాలి. అధికారులను ఐదారుగురి చొప్పున కూర్చోబెట్టి, నలభై కుటుంబాల కథను గంటగంటకూ విప్పుతూ పోవాలి. ప్రతి మలుపు దగ్గరా “ఇప్పుడు ఏం చేస్తారు? ఏ అధికారంతో చేస్తారు?” అని అడగాలి.

మొదటి మలుపు బస. దగ్గర్లోని బడి తెరిపిస్తారు. చేతికి టేపు ఇచ్చి గది కొలవమనండి. ఆరు మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల పొడవు గది అంటే 42 చదరపు మీటర్లు. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టిన కనీస ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్లు. అంటే ఆ గదిలో 12 మంది. నలభై కుటుంబాలంటే సుమారు 200 మంది, 17 గదులు కావాలి. ముప్పైమందికి ఒక మరుగుదొడ్డి లెక్కన ఏడు. ఆ బడిలో ఉన్నవి నాలుగు గదులైతే రెండో చోటు ఎక్కడో ఈ వేసవిలోనే వెతికి పెట్టుకోవాలి. ఒకసారి సొంత చేత్తో కొలిచిన తహసీల్దార్ ఆ అంకెను మరిచిపోడు.

రెండో మలుపు జాబితా. ఎవరి పేరు రాయాలి? ఇంటిపెద్ద పేరు ఒక్కటే రాస్తే భర్త లేని ఆడమనిషి, పెద్దదిక్కులేని పిల్లలు లెక్కలోంచి జారిపోతారు. ప్రతి మనిషి పేరూ రాయాలి, కుటుంబాన్ని విడదీయకూడదు. మరొక ముఖ్యమైన సంగతి ఉంది. ఘర్షణ నుంచి పారిపోయి వచ్చినవారి పేర్లు, ఊళ్లు ఉన్న కాగితాన్ని గోడకు అంటిస్తే వెనక మిగిలిన బంధువుల ప్రాణాలకే ముప్పు. జాబితా ఎవరు చూడవచ్చో ముందే నిర్ణయించాలి. సహాయం కోసం రాసిన పట్టిక పోలీసు విచారణకు పనికొచ్చే పట్టిక కాకూడదు. ఈ అంశం మీద రెవెన్యూవారికీ పోలీసులకూ తరగతిలోనే వాదన జరగనివ్వండి. రేవులో జరిగేకన్నా అది చాలా మేలు.

మూడో మలుపు ఆ గర్భిణి. బిడ్డ శిబిరంలోనే పుడుతుంది. జనన నమోదు పుట్టినచోట జరగాలని చట్టం, గడువు 21 రోజులు. తల్లిదండ్రుల సొంత ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. అలాగే వయసు ధ్రువపత్రం లేదని బిడ్డను బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టానికి విరుద్ధం, బదిలీ పత్రం ఆలస్యమైనా అంతే. జాతీయ ఆహారభద్రత చట్టం కింద ఇచ్చిన రేషను కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. వరద బాధితులకూ, జాతి హింస బాధితులకూ, షెడ్యూల్డు తెగలవారికీ ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ఇచ్చిన హక్కు. చూశారా, వీటిలో ఒక్కటీ జెనీవా నుంచి రాలేదు. అన్నీ ఆఫీసు అలమారాలో ఉన్నవే.

నాలుగో మలుపు భాష. ఆఫీసు ఫారం ఒడియాలో ఉంటుంది, వచ్చిన మనిషి కోయలో చెబుతుంది, మధ్యలో తెలుగు తెలిసిన వ్యాపారి అనువదిస్తాడు. అతను ఆమెకు అప్పిచ్చినవాడైతే? తన మీద జరిగిన దౌర్జన్యాన్ని ఆమె పదేళ్ల కొడుకు నోటితో చెప్పించవచ్చా? కూడదు. ఆశా కార్యకర్తల్లో, ఉపాధ్యాయుల్లో కోయ వచ్చినవారి జాబితా ముందుగానే సిద్ధం చేసి, వాళ్లను కూడా ఇదే తరగతిలో కూర్చోబెట్టాలి.

[తెరపై: నియమగిరి కొండలు.]

మనుషులు కదలాల్సి రాకముందు పాటించాల్సిన చట్టం కూడా శిక్షణలో ఉండాలి. దీనికి రాయగడ జిల్లా మంచి పాఠం. నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల సమక్షంలో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ సభలను ఏర్పాటు చేసింది మామూలు జిల్లా యంత్రాంగమే. నోటీసు ఎన్నాళ్ల ముందు, ఏ భాషలో? తీర్మానం చదివి వినిపించాకే వేలిముద్ర వేయించారా? శిక్షణలో అధికారుల చేత ఒక గ్రామసభను మొదటి నుంచి చివరిదాకా నడిపించాలి. 2006 అటవీహక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం ఉపన్యాసంలో వింటే నిద్ర వస్తుంది. గ్రామసభలో ఒక ముసలమ్మ లేచి అడిగితే గుర్తుంటాయి.

ఆ ముసలమ్మ పాత్ర ఇంకో అధికారి వేయడం నాకు నచ్చదు. నిర్వాసితులనే పిలవాలి, వాళ్లకు బోధకుల గౌరవం, బోధకుల పారితోషికం ఇవ్వాలి. పోగొట్టుకున్నదాన్ని పదేపదే చెప్పించి కన్నీళ్లు పెట్టించడానికి పిలవకూడదు. “మీ దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఆగింది?” అని అడగండి. ఆ జవాబు ఏ ఆచార్యుడూ చెప్పలేనిది.

[దృశ్యం: ఆఫీసు అలమారా, దస్త్రాల కట్టలు.]

భువనేశ్వర్‌లోని గోపబంధు అకాడమీ, పుణెలోని యశద వంటి సంస్థలు పెద్ద అధికారులకు తర్ఫీదు ఇవ్వగలవు. కానీ అధికారికి బదిలీ అవుతుంది, నేర్చుకున్నది అతనితోపాటు వెళ్లిపోతుంది. అందుకని శిక్షణలో సగం సమయం బ్లాకు స్థాయిలో, ఊరు మారని సిబ్బందికి కేటాయించాలి. బదిలీ అయ్యేవారు వచ్చేవారికి అప్పగించే పత్రాల్లో శిబిరాల చోట్లు, అనువాదకుల పేర్లు, పెండింగు దరఖాస్తులు తప్పనిసరిగా ఉండాలి.

చివరి రోజు ధ్రువపత్రాలు పంచి ఫొటో తీసుకుంటే శిక్షణ పూర్తి అయినట్లు కాదు. ఆరు నెలల తర్వాత అదే బృందం అదే తహసీల్ ఆఫీసుకు వెళ్లాలి. “కాగితాలు లేవు” అని తిప్పి పంపిన దరఖాస్తుల కట్ట అడగాలి. ఒక్కొక్కటీ తెరిచి, అడిగిన కాగితం చట్టం కోరిందా, ఆఫీసు అలవాటు కోరిందా అని ఆ అధికారి పక్కన కూర్చుని చూడాలి. అలవాటు కోరినవాటిని ఆ రోజే, అక్కడే మంజూరు చేయించాలి.